పుస్తకంలో ఇలా లేదట

సినిమా మీద మోజుతో వెళ్ళలేదు నేను.
హోక్వియమ్‌లో పదకొండో రోజు వాన,
ఇంట్లో హీటర్ మూలుగుతోంది,
మా అక్క కూతురు బ్రిటాకి తోడు రావలసిన పిల్లకి జలుబు.
కొన్న టికెట్ వృథా పోతే నాకు నిద్ర పట్టదు.

నా పనేమిటో ముందు చెప్పాలి.
ఆసుపత్రి లాబ్‌లో ఇరవై ఆరేళ్ళుగా
జనం నెత్తురు తీస్తాను.
"గుప్పిట బిగించండి, చీమ కుట్టినట్టుంటుంది, అంతే"
అని ఈ ఊళ్ళో సగం మందికి అబద్ధం చెప్పాను.
అందుకే తెరమీద ఆ పాలిపోయిన కుర్రాడు
అమ్మాయి మెడకేసి అంత ఆర్తిగా చూస్తుంటే
నాకు తోచిన మొదటి మాట:
అక్కడ కాదు నాయనా, మోచేతి మడతలో వెతుక్కో.

వాడికి నూరేళ్ళూ నిండాయట.
నిండినా పోలేదు,
పోకపోగా పదకొండో తరగతి చదువుతున్నాడు.
అదే బీజగణితం, ఎన్నోసారో!
చావు లేని బతుకు చేతికొచ్చాక
మళ్ళీ ఆ బడి గంటల మోతలోకి
తనంతట తానే నడిచి వెళ్ళేవాణ్ణి
రాక్షసుడనలేను. పాపం అంటాను.

అర్ధరాత్రి కిటికీలోంచి దూరి
పిల్ల నిద్రపోతుంటే మూల నిలబడి చూశాడు.
హాలంతా ఒకటే నిట్టూర్పు.
నేనైతే షెరీఫ్‌కి ఫోన్ చేద్దును.
బ్రిటా నా చెవిలో, కోపంగా:
"పుస్తకంలో ఇలా లేదు. ముందు అడుగుతాడు."
హమ్మయ్య అనుకున్నాను పుస్తకం తరఫున.

వాళ్ళ వాన కూడా వేరు.
జుట్టు తడిస్తే అందం పెరిగే వాన.
మా వానకి కాగితం మిల్లు వాసన,
మోకాళ్ళలో సలుపు.
ఈ అడవుల్లోనే తీశారంటున్నారు గాని
దుంగల లారీ ఒక్కటీ అడ్డురాలేదు వాళ్ళ ప్రేమకి.

ఇక లేచి కాఫీ తెచ్చుకుందామనుకుంటున్నాను,
ఆల్చిప్ప విప్పుతూ ఆ పిల్ల బొటనవేలు కోసుకుంది.

అందరూ గుడ్డ కోసం పరిగెత్తారు.
వాడు కదల్లేదు.
రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని
ఉప్పుసీసా మూతకున్న చిల్లులు
లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు.

లైల్ గుర్తొచ్చాడు.
మానేసిన పద్నాలుగో నెల.
వాళ్ళ తమ్ముడి కూతురి పెళ్ళిలో
ఎవరో తెలియక ముందు షాంపేన్ గ్లాసు పెట్టేశారు.
బుడగలు పైకి లేస్తున్నాయి.
మా ఆయన ఒక చేత్తో బల్లగుడ్డ అంచు పట్టుకుని
తన పేరున్న అట్టముక్క తీసి చదివాడు,
తిప్పి వెనకవైపూ చదివాడు.
వెనక ఏమీ లేదు.
ఎవరో వచ్చి గ్లాసు తీసేదాకా
నేను ఊపిరి వదల్లేదు.

మరగడం ఒకటే. సీసాలు వేరు.

తెరమీద పిల్ల వేలికి గుడ్డ చుట్టుకుని నవ్వుతోంది,
గండం గడిచిందనుకుని.
ఇకమీదట ప్రతి విందులోనూ
గ్లాసులు లెక్కపెట్టుకోవాలని
ఆ పిల్లకి ఎవరు చెప్తారు?

తర్వాత వయొలిన్లు, తోడేళ్ళు,
ఎవడో ఎవణ్ణో చెట్టుకేసి కొట్టాడు,
నాకు సరిగా గుర్తులేదు.

"ఆ ఆల్చిప్ప సీను పుస్తకంలో మూడు పేజీలు!" అంది బ్రిటా కారులో.
అడిగి తీసుకున్నాను.
రాత్రి డ్యూటీలో, నెత్తురు గొట్టాలు గిరగిరా తిరుగుతుంటే,
ఆ మూడు పేజీలూ చదివాను.
కళ్ళు నల్లబడ్డాయని ఉంది, శాపమని ఉంది, తుఫానని ఉంది.
బల్ల అంచు లేదు.
ఉప్పుసీసా లేదు.
మరి ఆ నటుడికి ఎలా తెలిసిందో.
వాళ్ళింట్లో ఎవరున్నారో.

తెల్లారి ఇంటికొచ్చేసరికి
లైల్ గుడ్లు వేయిస్తున్నాడు.
"ఎలా ఉంది సినిమా?"
"ఫరవాలేదు. పాప్‌కార్న్‌లో ఉప్పెక్కువ.
మార్చిలో రెండో భాగమట."
"వెళ్తావా?"
"వాన పడితే చూద్దాం," అన్నాను,
ఈ ఊళ్ళో అది ఒప్పుకున్నట్టే అని
ఇద్దరికీ తెలిసి.